ఒక్క సీజను వారసత్వం

రోహిణి కార్తెలో నెల్లూరులో కొత్తిమీర మొలిపించాలంటే పట్టుదలైనా ఉండాలి, ఏసీ అయినా ఉండాలి. మా ఎదురు ఫ్లాటులోని రిటైరైన ఇంజనీరుగారికి రెండూ ఉన్నాయి. ఈమధ్య వాటికి తోడు ఒక ప్యాకెట్టు వచ్చింది. ముందువైపు బంగారు అక్షరాలతో 'వారసత్వ కొత్తిమీర' అని ఉంది. వెనకవైపు చీమ తలకాయంత అక్షరాలతో 'ఎఫ్-1 హైబ్రిడ్' అని ఉంది. అంటే రెండు రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం గింజ. తాతముత్తాతల నుంచి వస్తున్నదీ, నిరుడు పుట్టిందీ ఒకే గింజ!

30 గింజలు, 120 రూపాయలు. గింజ 4 రూపాయలు. ధనియాలు గ్రాముకు సుమారు 80 తూగుతాయి కనుక మా వంటింటి డబ్బాలోని పావుకిలో విలువ 80,000 రూపాయలని లెక్క తేలింది. ఆదివారం చేపల పులుసులోకి మా ఆవిడ నిర్దాక్షిణ్యంగా వేయించి పొడి కొట్టిన 10 గ్రాములు 3,200. చేప 400కే వచ్చింది. డబ్బాను బీరువాలోకి మార్చాం.

నాట్ల మహోత్సవానికి మమ్మల్ని పిలిచారు. ఏసీ గదిలో, కొబ్బరి పొట్టు నింపిన ట్రే ముందు, కళ్లజోడు సవరించుకుని, పట్టకారుతో గుంటకొక గింజ దించుతున్నారాయన. మేమంతా ఊపిరి బిగబట్టి నిలుచున్నాం. ఒంగోలు నుంచి వచ్చిన మా మేనత్త గుమ్మంలోంచే అడిగింది: "చెప్పు కింద వేసి నలపలేదా నాయనా?"

ఆయన చాలా నొచ్చుకున్నారు. ధనియం ఒక గింజ కాదు, రెండు బద్దలు. నలిపితే విడిపోయి దేనికది మొలుస్తుంది. లెక్కప్రకారం కంపెనీవారు 60 గింజలు ఇచ్చినట్టు. వారి దానగుణం వారికే తెలియదు.

పన్నెండో రోజుకు నాలుగు మొలిచాయి. బెత్తెడు ఎత్తుకే పూతకు వచ్చాయి. పూత చూసి ఇంజనీరుగారు మిఠాయి పంచారు. కొత్తిమీర పూసిందంటే ఇక ఆకు పని అయిపోయినట్టేనని చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సరే, గింజైనా దాచుకుందామని ఆయన ప్యాకెట్టు తిప్పి చదివారు: 'దాచిన గింజలు నాటవద్దు. ప్రతి సీజనుకూ కొత్త ప్యాకెట్టు కొనండి.'

ఇక్కడ నాకు నవ్వు ఆగిపోయింది. హైబ్రిడ్ గింజ దాచి నాటితే తల్లిని పోలదు, నిజమే. అది దాని తప్పు కాదు. హైబ్రిడ్ అని చెప్పి అమ్మవయ్యా, కొనేవాడు కొంటాడు! మళ్లీ నాటడానికి పనికిరానిదానికి వారసత్వమని పేరు పెట్టడానికి సిగ్గుండాలి. రైతు విత్తనం దాచుకోవచ్చు, నాటుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, బ్రాండు వేయకుండా అమ్ముకోవచ్చు అని 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షనులో రాసి ఉంది. పార్లమెంటు చెప్పేదాకా ఆగకుండానే మా అమ్మ ఏటా ఆ పని చేసింది. కార్తీకంలో చల్లేది. తొందరపడి పూసిన మొక్కలను పీకి పప్పులో వేసేది, అన్నిటికన్నా ఆలస్యంగా పూసినవాటినే విత్తనానికి వదిలేది. గుత్తులు గోధుమరంగుకు తిరిగాక కోసి, నీడన తలకిందులుగా వేలాడదీసి, రాల్చి, బూడిద కలిపి హార్లిక్సు సీసాలో పోసేది. పైన గుప్పెడు ఎండు వేపాకు. ఇరుగుపొరుగువాళ్లు పిడికెడు పట్టుకెళ్లి, పంటయ్యాక పిడికెడు తెచ్చి ఇచ్చేవారు. ఎవరూ 4 రూపాయలు అడగలేదు.

"ఆ సీసా ఏమైందిరా?" అంది మేనత్త.

అమ్మ పోయాక ఊళ్లో ఇల్లు ఖాళీ చేస్తుంటే అటకమీద దొరికింది. సగం దాకా ఉన్నాయి. బూడిద చెరిగి, వేయించి, పొడి కొట్టించాం. ఆ నెలంతా చారు బ్రహ్మాండంగా ఉందని అందరం మెచ్చుకున్నాం.