పద్దెనిమిది నిండాక మాకు డాక్టరు లేడు

మొన్న మా చిన్నత్త కూతురి పెళ్లిలో కోడిముక్క ఒకటి గొంతు దిగి ఛాతీ మధ్యలో ఆగిపోయింది. పైకి రాదు, కిందికి పోదు. నీళ్లు తాగితే అవీ వెనక్కి. బాత్రూంలో ఇరవై నిమిషాలు లాలాజలం ఉమ్ముతూ నిలబడ్డా. బయటికి రాగానే చిన్నత్త నవ్వు మొహంతో, "ఏమే, విశేషమా?"

లేదత్తా. ముక్క ఇరుక్కుంది.

నేను పుట్టినప్పుడు అన్నవాహిక మధ్యలో తెగి ఉంది, కింది ముక్క గాలిగొట్టానికి అతుక్కుంది. మలద్వారం లేదు. కిడ్నీ ఒక్కటే. వెన్నులో 2 పూసలు సగమే ఏర్పడ్డాయి. ఇలాంటివి కనీసం మూడు కలిసి వస్తే వ్యాక్టర్ల్ అంటారు. పూసలు, మలద్వారం, గుండె, గాలిగొట్టం, అన్నవాహిక, కిడ్నీ, కాళ్లూచేతులు... వీటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలు అవి. చాలామందిలో కారణం ఇదీ అని దొరకదు. మా నానమ్మకి మాత్రం దొరికింది. గ్రహణం రోజు అమ్మ కూరగాయలు తరిగిందట. పోయేదాకా సాధించింది.

తెగిన అన్నవాహికను ఒకే ఆపరేషన్‌తో కలిపి బిడ్డను బతికించడం మొదటిసారి 1941లో జరిగింది, అమెరికాలో, సర్జన్ కామెరాన్ హైట్ చేతుల మీదుగా. మలద్వారానికి ఇప్పుడు ఎక్కువగా చేసే ఆపరేషన్ గురించి పెన్యా, డి వ్రీస్ అనే డాక్టర్లు రాసింది 1982లో. అంటే మాలాంటివాళ్లు పెద్దవాళ్లవడమే ఈమధ్య సంగతి. పెద్దల డాక్టర్లకి మేం కొత్త, ఒప్పుకుంటా. కానీ నాకు 31. ఇంకా ఎన్నాళ్లు కొత్త?

పొట్ట డాక్టరు దగ్గరికెళ్తే, "ఇది పిల్లల కేసమ్మా, పిల్లల సర్జన్‌కి చూపించుకో" అన్నాడు. అక్కడికెళ్తే కౌంటర్లో అమ్మాయి నా వెనక్కి తొంగిచూసి, "బిడ్డేదండీ?" అంది. నేనే ఆ బిడ్డనమ్మా!

నడుంనొప్పికి ఏళ్లతరబడి మెడికల్ షాపులో నొప్పి బిళ్లలు కొని మింగా. ఒంటి కిడ్నీకి అవి మంచివి కావని ఒక్కరూ చెప్పలేదు. 27వ ఏట బీపీ 150 దాటి, మూత్రంలో ప్రొటీన్ పడ్డాక తెలిసింది. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), మూత్రం చూడటానికి ఎంతవుతుంది? అన్నవాహికదీ అదే కథ. కుట్టు బాగానే అతుక్కున్నా దాని కదలిక మామూలుగా ఉండదు, యాసిడ్ పైకి తంతుంది. ఏళ్ల తరబడి అలా తంతే లోపలి పొర మారిపోవచ్చు, కొందరిలో అది క్యాన్సర్ వైపు పోవచ్చు. అందుకే పెద్దయ్యే దశలో, ఆ తర్వాత కూడా ఎండోస్కోపీ చేయాలని యూరప్, ఉత్తర అమెరికా పిల్లల పొట్ట డాక్టర్ల సంఘాలు 2016లోనే రాశాయి. నాకు ఎవరూ చెప్పలేదు, నేనే వెతుక్కుని చదివా.

మలం ఆపుకోలేని బాధైతే నోరు విప్పి చెప్పేదీ కాదు. పొద్దున్నే ఎనిమా, అరగంట బాత్రూం, ఆ తర్వాతే ఆఫీసు. విజయవాడ బస్సెక్కే రోజు టీ కూడా ముట్టను. దీనికి వికలాంగుల సర్టిఫికెట్ అడిగితే క్యాంపులో ఆయన నన్ను ఎగాదిగా చూసి, "కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయిగా!" అన్నాడు. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాలున్నాయి. నాది ఏ గడిలో పడుతుందో ఆయనకీ తెలీదు.

2013లో కేంద్రం పెట్టిన పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, పుట్టుకతో వచ్చే లోపాల్ని వెతికి పట్టుకుంటుంది. మంచి పనే, తిట్టను. కానీ అది 18 ఏళ్ల దాకానే. ఆ పుట్టినరోజున కేకు వద్దు, రెండు పేజీల కాగితం ఇవ్వండి: ఏమేం కుట్టారు, ఏవి లేవు, ఏ మందు కూడదు, ఏ పరీక్ష ఎప్పుడు. పక్కన ఒక పెద్దల డాక్టరు పేరు. నేను అడిగేది అంతే.

నా కాగితాలు అమ్మ ట్రంకుపెట్టెలో పట్టుచీరల కింద దాచింది. పసుపెక్కిన డిశ్చార్జి షీటు, మడతల దగ్గర చిరిగితే ప్లాస్టర్ వేసింది. చివరి లైను: "తేడా వస్తే తీసుకురండి." మంగళవారం ఎండోస్కోపీ, దాన్నే పట్టుకెళ్తున్నా. ఓపీ చీటీ మీద ఏ డిపార్ట్‌మెంట్ రాస్తారో చూడాలి.