స్నైపర్ రైఫిల్ గారికి ఒక తిరస్కార లేఖ

మహారాజశ్రీ బోల్ట్ యాక్షన్ స్నైపర్ రైఫిల్ గారి దివ్యసముఖమునకు,

ఇంగ్లాండులో ఉద్యోగం చేసుకుంటూ, ఆదివారాలు అడవిలో పడి పరుగెత్తుతూ, నకలు తుపాకీలతో ఒకళ్లనొకళ్లు ప్లాస్టిక్ గుండ్లతో కొట్టుకునే ఎయిర్‌సాఫ్ట్ ఆటలో ఈమధ్యే చేరిన ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. షాపులో అందరికంటే పై మేకుకి వేలాడుతూ, నెత్తిన పొడుగాటి స్కోపు ధరించి, కింది వరసలో ఉన్న చిన్నాచితకా రైఫిళ్ల వైపు కన్నెత్తి కూడా చూడని తమరు కూడా క్షేమమేనని తలుస్తాను.

నా మొదటి రైఫిల్ కొనే వేళైంది. అది తమరు కాదు. మా గ్యాంగులో చేరే ప్రతి కొత్తవాడూ ముందు మీ పేరే ఎత్తుతాడు కాబట్టి, మిమ్మల్ని కాదన్నందుకు సంజాయిషీ ఇచ్చుకోవలసింది నేనే.

ముందుగా, మీ దర్శనానికి రావడానికే ఇక్కడ ఎంత తతంగం ఉందో మీకు తెలియకపోవచ్చు. మనూళ్లో దీపావళికి రీలు తుపాకీ కావాలంటే నాన్న జేబులో పది రూపాయలు, మనకి ఏడ్చే ఓపిక ఉంటే చాలు. ఇక్కడ 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండు విసిరే తుపాకీకి 2006 నాటి వయలెంట్ క్రైమ్ రిడక్షన్ చట్టం ఉంది. అచ్చం నిజం తుపాకీలా కనిపించే నకలుని అమ్మడం ఆ చట్టం కింద నేరం. సినిమావాళ్లకి, నాటకాలవాళ్లకి, మ్యూజియాలకి, మాలాంటి ఆటగాళ్లకి మినహాయింపు ఉంది. నేను ఆటగాణ్నేనని రుజువు? బీమా ఉన్న సైట్‌లో, అంటే ఆటస్థలంలో, మూడు ఆటలు ఆడాలి, అవీ 56 రోజులకి తగ్గకుండా పరుచుకుని ఉండాలి. అప్పుడు యూకారా అనే వ్యాపారుల సంఘం జాబితాలో పేరెక్కి, ఒక నంబరు వస్తుంది. షాపువాడు ఆ నంబరు సరిచూసుకుని నల్ల తుపాకీ చేతికిస్తాడు.

నంబరు లేదా? 18 నిండితే రెండు రంగులది ఇస్తాడు. అంటే ఒంట్లో సగానికి పైగా కళ్లు చెదిరే ఎరుపో, నారింజో, పసుపో, ఆకుపచ్చో, నీలమో, ఊదాయో, గులాబీయో ఉన్నది. తలనుంచి కాళ్లదాకా ఆకుల రంగు బట్టలేసుకుని, మొహానికి మసి పూసుకుని, పొదలో ఊపిరి బిగబట్టి కూర్చున్నవాడి చేతిలో గులాబీరంగు రైఫిల్! ఇంట్లో నల్లరంగు స్ప్రే కొట్టేద్దామని ఒకడు ఐడియా ఇచ్చాడు. నకలుని నిజందానిలా మార్చడం కూడా అదే చట్టం కింద నేరమని చెప్పాక డబ్బా కింద పెట్టాడు.

అన్నట్టు ఆ చట్టంలో నాకు భలే నచ్చిన ముక్క ఒకటుంది. 1870కి ముందు కాలపు తుపాకీకి నకలైతే దానికి ఈ నిషేధం వర్తించదు. కంపెనీ సిపాయి భుజాన మోసిన మస్కెట్టులాంటిది నల్లగా, గోధుమగా, ఎలా ఉన్నా అమ్ముకోవచ్చు. ప్లాసీ యుద్ధానికి అనుమతి అక్కర్లేదు, ఆదివారం ఆటకి మాత్రం కావాలి. 38 మిల్లీమీటర్ల ఎత్తు, 70 మిల్లీమీటర్ల పొడవు లోపలుంటే కూడా పర్వాలేదట. తాళంచెవుల గుత్తికి వేలాడే తుపాకీలకి ఇంగ్లాండు రాజ్యం భయపడదన్నమాట.

ఆ కాగితాల గోల దాటి వచ్చినవాడు ఏం చేస్తాడు? నేరుగా మీ కాళ్ల మీద పడతాడు. తప్పు వాడిది కాదు. పబ్‌జీలో ఆకాశం నుంచి ఎర్ర పెట్టె దిగితే, అందులో ఏడబ్ల్యూఎం అనే మీ జాతి స్నైపర్ దొరికితే, హాస్టల్ మొత్తం దద్దరిల్లేలా అరిచిన తరం మాది. ఒకే గుండు, ఒకే ప్రాణం. మా కరీంనగర్ తమ్ముడైతే నన్ను వదల్లేదు: "అన్నా, స్నైపరే తీస్కో. ఒక్క దగ్గర కూసుంటె చాలు, అందర్ని లేపెయ్యొచ్చు. ఉరుకుడు ఉండది." వాడి మాటలో నిజం ఒక్క చివరి వాక్యంలోనే ఉంది.

మీ బలం మీద మావాళ్లకున్న నమ్మకానికి మూలం ఒక అంకె. చాలా సైట్లలో బ్యాటరీతో నడిచే ఎలక్ట్రిక్ రైఫిల్‌కి 0.20 గ్రాముల గుండుతో సెకనుకి 350 అడుగుల వేగం హద్దు. మీకు 500. చట్టంలో కూడా మీకే ఎక్కువ వాటా: 2017లో వచ్చిన పోలీసింగ్ అండ్ క్రైమ్ చట్టం గుండు శక్తికి, వరసగా పేలే వాటికి 1.3 జౌల్స్, ఒక్కొక్కటిగా పేలే వాటికి 2.5 జౌల్స్ హద్దు పెట్టింది. 350 కంటే 500 ఎక్కువ కాబట్టి రెట్టింపు దూరం కొడతారని లెక్క. కానీ ఆ 0.20 గుండుని మీరు వాడరు కదా! గాలికి కొట్టుకుపోతుందని 0.40 గ్రాములో ఇంకా బరువైనదో వేసుకుంటారు. అంత శక్తితోనూ 0.40 గుండు బయల్దేరేది మళ్లీ ఆ 350 దరిదాపుల్లోనే. 60 మీటర్లు వెళ్లడానికి దానికి అర సెకను పైనే పడుతుంది. ఈలోపు ఎదుటివాడు లేసు కట్టుకోవడానికి వంగినా చాలు, మీ ఒకే గుండు, ఒకే ప్రాణం సిద్ధాంతం వెనకున్న చెట్టుకి తగులుతుంది.

దూరం సంగతి తేల్చేది మీ పొడుగాటి బ్యారెల్ కూడా కాదు. గుండు బయటికి పోయే ముందు పైనుంచి కాస్త ఒత్తి దాన్ని వెనక్కి తిప్పే చిన్న రబ్బరు ముక్క ఉంది చూడండి, హాప్ అప్ అంటారు, పని అంతా దానిది. అలా తిరుగుతూ పోయే గుండుని గాలి పైకి లేపి పట్టుకుంటుంది. మాగ్నస్ ప్రభావం అంటారు. కొద్ది పౌండ్ల ఖరీదు చేసే ఆ రబ్బరు సరిగ్గా కుదిరిన ఎలక్ట్రిక్ రైఫిల్ 50 మీటర్ల దాకా మర్యాదగా కొడుతుంది. మీరు అన్ని హంగులూ కుదిరిన రోజున ఇంకో 15, 20 మీటర్లు కొడతారు. ఆ 20 మీటర్ల కోసం మీరు అడిగే కట్నం గురించి ఇప్పుడు మాట్లాడుకుందాం.

మీలో పేరున్న వంశం టోక్యో మారుయ్ వారి వీఎస్ఆర్-10. జపాన్ చట్టంలో 6 మిల్లీమీటర్ల గుండు తుపాకీ 0.98 జౌల్ దాటకూడదు. అందుకని పెట్టెలోంచి దిగేసరికి మీరు పక్కనున్న ఎలక్ట్రిక్ రైఫిల్ కంటే నీరసంగా ఉంటారు. ఇక్కడి 500 అందుకోవాలంటే గట్టి స్ప్రింగు వేయించాలి. గట్టి స్ప్రింగు వేస్తే దాన్ని బిగబట్టి ఉంచే సియర్ తట్టుకోదు, కాబట్టి ట్రిగ్గర్ సెట్టు మొత్తం మార్చాలి. పిస్టన్ ప్లాస్టిక్‌ది, అదీ మార్చాలి. ఇన్ని మార్చాక పాత హాప్ రబ్బరు ఉంచితే ఏం బాగుంటుంది? లోపలి బ్యారెల్ మాత్రం ఏం పాపం చేసింది? చివరికి మొదట కొన్నదాంట్లో మిగిలేది బయటి తొడుగు, దాని మీది స్టిక్కరు. అసలు కంటే వడ్డీ ముద్దంటారు గానీ, మీ దగ్గర వడ్డీ ముద్దు కూడా కాదు, బరువు. ఇంత బరువైన స్ప్రింగుని ప్రతి గుండుకీ బోల్టు లాగి ఎక్కించాలి. మధ్యాహ్నానికి కుడిచెయ్యి టీ కప్పు ఎత్తనంటుంది.

ఇంకా అయిపోలేదు. మీ జోరు ఎక్కువ కాబట్టి సైట్లలో 30 మీటర్ల లోపు ఉన్నవాణ్ని మీతో కొట్టకూడదని నియమం. దగ్గరికొచ్చినవాడితో ఏం చేయాలి? పలకరించి టీ ఇవ్వడమే. లేదంటే ఇంకో పిస్టల్ కొనాలి. పిస్టల్ ఎక్కువగా గ్యాస్‌తో నడుస్తుంది, ఇంగ్లాండు చలికి గ్యాస్ ముడుచుకుపోతుంది. జనవరిలో ట్రిగ్గర్ నొక్కితే దగ్గినట్టు చప్పుడొచ్చి గుండు కాళ్ల దగ్గరే రాలుతుంది. ఆ పిస్టల్‌కి ఒర, ఒరకి బెల్టు.

తర్వాత గిల్లీ సూట్. ఆకులు, పీచు, గోనె దారాలు వేలాడే ఆ వేషం వేసుకుని తడిమట్టిలో బోర్లా పడుకోవాలి. పక్కన దురదగొండి ఆకుకి తమ్ముడి వరసైన నెటిల్ మొక్కలు, పైన ముళ్లకంప. మిగతావాళ్లు నవ్వుకుంటూ, అరుచుకుంటూ, చచ్చి మళ్లీ బతికి వచ్చి ఆటలాడుతుంటే, వీడు ఒకే పొదలో గంటన్నర. పైగా ఇది రంగు పడే పెయింట్‌బాల్ కాదు. తగిలిందని తగిలినవాడే చెయ్యెత్తి "హిట్" అనాలి. మీ గుండు అంత దూరం ప్రయాణించి అలిసి, మందపాటి చలికోటు మీద మెత్తగా వాలుతుంది. వాడికి నిజంగానే తెలియదు. తెలిసినా తెలియనట్టుండే మహానుభావులూ ప్రతి సైట్‌లో కొందరుంటారు. వాళ్ల మీద గొడవకి దిగితే ఆట చూసుకునే మార్షల్ వచ్చి ఇద్దర్నీ మందలిస్తాడు. గంటన్నర తపస్సుకి ఫలితం ఆ మందలింపు.

అయితే ఎవరిని కొంటున్నావని అడుగుతారేమో. మీ కింద మూడో వరసలో, నైలాన్ కలిపిన ప్లాస్టిక్ ఒంటితో, ఏ ప్రత్యేకతా లేకుండా వేలాడే నల్ల ఎం4 ఎలక్ట్రిక్ రైఫిల్‌ని. మీవాళ్లే, ఆ టోక్యో మారుయ్ వారే, 1991లో ఫామాస్ అనే ఫ్రెంచి సైనిక రైఫిల్ రూపంలో ఈ బ్యాటరీ జాతికి ప్రాణం పోశారు. ఇప్పుడు జీ అండ్ జీ కంబాట్ మెషీన్ అనీ, స్పెక్నా ఆర్మ్స్ కోర్ అనీ కొత్తవాళ్ల కోసం ఇంచుమించు 150, 200 పౌండ్లలో దొరుకుతున్నాయి. చూడ్డానికి గొప్పగా ఉండదు. ఫొటో దిగి పెడితే మా బావమరిది కూడా లైక్ కొట్టడు. కానీ సైట్‌లో సగం మంది చేతుల్లో అదే జాతి ఉంటుంది. గుండ్లు నింపే మ్యాగజీన్ ఖాళీ అయితే పక్కవాడిది అడిగి తగిలించుకోవచ్చు, చెడిపోతే విడిభాగాలు ఏ షాపులోనైనా దొరుకుతాయి, బాగుచేసే చెయ్యి ప్రతి టెంటులో ఒకటుంటుంది. ఏకే-47 రకం అయితే లోపలి గేర్‌బాక్స్ వేరు, మ్యాగజీన్లు వేరు. అందం ఎక్కువే, కానీ అప్పు పుట్టదు.

దీనికీ పెట్టుపోతలున్నాయి, లేవనను. 7.4 వోల్టుల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఒకటి, దానికి తగ్గ మంచి చార్జరు, చార్జింగ్ పెట్టినప్పుడు దాచే మంట తట్టుకునే సంచి. బ్యాటరీ తీగ చివరి ప్లగ్గు టామియా రకమా, డీన్స్ రకమా అని కొనేముందు చూసుకోవాలి, లేకపోతే ఆదివారం పొద్దున రెండు తీగలు పట్టుకుని దిక్కులు చూడాలి. పెట్టెతో వచ్చే హైక్యాప్ మ్యాగజీన్‌లో వందల గుండ్లు పడతాయి గానీ, పరుగెత్తితే గలగలమని మోగి మనం వస్తున్నామని శత్రువుకి ముందే కబురు పెడుతుంది. నెమ్మదిగా, గుండ్లు తక్కువే పట్టినా మోగని మిడ్‌క్యాప్‌లు కొనుక్కోవాలి. అడవి సైట్లలో నేలలో కరిగిపోయే బయో గుండ్లే వాడమంటారు. అంతే.

మీకు పెట్టబోయిన డబ్బులో మిగిలిందంతా కళ్లకీ, పళ్లకీ, కాళ్లకీ పోతోంది. ఇక్కడే మావాళ్ల తెలివి చూడాలి. ఏనుగుని కొని అంకుశానికి బేరమాడినట్టు, మీకు 400 పౌండ్లు పోసినవాడు కళ్లద్దాల దగ్గర 10 పౌండ్లు మిగులుతాయా అని వెతుకుతాడు. పొగమంచు పట్టే అద్దం పెట్టుకున్నవాడి చేతిలో మీ స్కోపు ఎనిమిది రెట్లు చూపిస్తే ఏం, పదహారు రెట్లు చూపిస్తే ఏం, కనిపించేది వాడి ఆవిరే. నోటికి జాలీ మాస్కు కూడా కొన్నాను. ప్లాస్టిక్ గుండు ముందుపన్ను విరగ్గొట్టగలదు, ఈ దేశంలో పంటి డాక్టరు దొరకడం మీరు 60 మీటర్లలో గురి కొట్టడం కంటే కష్టం. చీలమండ దాకా పట్టి ఉంచే బూట్లు కూడా తీసుకున్నాను. కొత్తవాడికి అడవిలో మొదట తగిలేది శత్రువు గుండు కాదు, చెట్టు వేరు.

ఇంకో చిన్న కారణం కూడా ఉంది. సైట్‌కి రైల్లో వెళ్లాలి. బహిరంగ స్థలంలో సరైన కారణం లేకుండా నకిలీ తుపాకీ పట్టుకుని తిరగడం 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ చట్టం కింద నేరం, మాకు కారణం ఉన్నా సరే, మూసిన సంచిలోంచి మొన కూడా బయటికి రాకూడదు. ఎం4కి భుజానికి ఆనించే స్టాకు లోపలికి నొక్కితే గిటారు సంచి కంటే చిన్నదవుతుంది. మీ పొడుగుకి సంచి కొంటే పక్క ఫ్లాట్ ఆంటీ "ఫిషింగ్ నేర్చుకుంటున్నావా బాబూ" అని అడుగుతుంది. అవునని అబద్ధమాడితే చేపేదని అడుగుతుంది.

కాబట్టి తమరు ఆ పై మేకునే శోభిస్తూ ఉండవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
తమ కటాక్షం కోరని,
మూడో వరస రైఫిల్ కొనుగోలుదారుడు

తా.క.: మా కరీంనగర్ తమ్ముడు మిమ్మల్నే కొన్నాడు. కొత్త స్ప్రింగు, ట్రిగ్గర్, పిస్టన్ అన్నీ ఆర్డరు పెట్టాడు. అవన్నీ వేయించి, ఒక్క ఆట ఆడి, నడుము పట్టేసి అమ్మకానికి పెడితే ముందు నాకే చెప్పమన్నాను. సగం ధరకైతే మనం మళ్లీ మాట్లాడుకోవచ్చు.