పది చోట్ల చూశారా, ఒకే మాట పదిసార్లు విన్నారా?

మీడియా మొత్తం అమ్ముడుపోయింది. ఈ మాట అనని మనిషి ఈమధ్య కనపడట్లేదు. సరే, అమ్ముడుపోయిందనే అనుకుందాం, మరి ఆ మాట అన్నాయన ఫోన్‌లో ఏముంటుందో ఓసారి చూడండి. ఆయన పార్టీకి జై కొట్టే నాలుగు యూట్యూబ్ ఛానళ్లు, ఆయన మనసులో మాటనే ఇంకాస్త గట్టిగా అరిచి చెప్పే ఓ యాంకర్, ఆయనలాంటి వాళ్లే నిండిపోయిన వాట్సాప్ గ్రూపులు. ఇదేంటండీ అంటే "నేను పది చోట్ల చూసే మాట్లాడతాను" అంటాడు. మాకు ఒళ్లు మండేది ఈ పది చోట్ల అన్న మాటకే.

పది చోట్ల చూడటం వేరు, ఒకే మాట పది చోట్ల వినడం వేరు. ఈ తేడా తెలీకపోతే ఎంత నష్టమో చెప్పడానికి 2002 సెప్టెంబర్ 8 ఒక్కటి చాలు. ఇరాక్ అణుబాంబు కోసమే అల్యూమినియం గొట్టాలు కొంటోందని ఆరోజు అమెరికా పత్రిక న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వేసింది, ఆ సమాచారం వచ్చింది పేరు చెప్పని ప్రభుత్వ అధికారుల నుంచి. అదే రోజు అమెరికా ఉపాధ్యక్షుడు డిక్ చేనీ టీవీలో కూర్చుని, చూడండి న్యూయార్క్ టైమ్స్ కూడా రాసింది అన్నట్టు ఆ కథనాన్నే చూపించాడు. అంటే ప్రభుత్వం చెవిలో చెప్పింది, పత్రిక అచ్చేసింది, మళ్లీ ప్రభుత్వమే ఆ పత్రికని సాక్ష్యం కింద తెచ్చుకుంది. చూసే జనానికి పేపర్ ఒకటి, టీవీ ఒకటి, ఉపాధ్యక్షుడు ఒకరు, మొత్తం మూడు చోట్ల విన్నట్టు అనిపించింది, నోరు మాత్రం ఒక్కటే. అప్పట్లోనే నైట్ రిడర్ అనే సంస్థ విలేకరులు జొనాథన్ లాండే, వారెన్ స్ట్రోబెల్ ఈ వాదనల్ని అనుమానిస్తూ రాశారు, పై అధికారుల్ని వదిలేసి కింది స్థాయి ఇంటెలిజెన్స్ ఉద్యోగుల్ని అడిగారు కాబట్టి వాళ్లకి వేరే కథ దొరికింది. ఆ కథనాలు దాచిపెట్టినవేం కావు, ఆ సంస్థ పేపర్లలో అచ్చయినవే. చదివినవాళ్లే తక్కువ. 2003లో ఇరాక్ మీద అమెరికా యుద్ధం మొదలైంది, అణుబాంబూ లేదు ఏమీ లేదు, 2004 మే 26న న్యూయార్క్ టైమ్స్ తన కవరేజీలో లోపాలు జరిగాయని పాఠకులకి రాసుకుంది. అప్పటికి ఏం లాభం?

టైమ్ ఎక్కడుందండీ, ఉద్యోగాలు చేసుకోవాలా పేపర్లు చదువుతూ కూర్చోవాలా అని అడిగేవాళ్లున్నారు, నిజమే, ఆ బాధ మాకూ తెలుసు. వార్తలు చూస్తే మనసు పాడవుతోందని మానేసినవాళ్లూ ఉన్నారు, రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ 2024 సర్వేలో 39 శాతం మంది అప్పుడప్పుడో తరచుగానో వార్తల్ని కావాలనే తప్పించుకుంటున్నామన్నారు. వాళ్లతో మాకు పేచీ లేదు. తెలీదు అన్నవాడు తెలీదనే అంటున్నాడు. పేచీ అంతా అన్నీ తెలుసన్నట్టు నటించేవాళ్లతోనే.

ఈ నటనకి లెక్కలు కూడా ఉన్నాయి. 2016లో కొలంబియా యూనివర్సిటీ, ఫ్రాన్స్ పరిశోధకులు కలిసి చూస్తే ట్విట్టర్‌లో షేర్ అయిన లింకుల్లో 59 శాతం వాటిని ఒక్కళ్లూ క్లిక్ కూడా చెయ్యలేదు, హెడ్డింగ్ చూడటం, నచ్చితే తోసేయడం, అంతే. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన ఎంఐటీ స్టడీ ఇంకా ఘోరం. 2006 నుంచి 2017 దాకా ట్విట్టర్‌లో తిరిగిన దాదాపు 1,26,000 కథనాలు తీసి చూస్తే, అబద్ధం రీట్వీట్ అయ్యే అవకాశం నిజం కంటే 70 శాతం ఎక్కువ అని తేలింది. బాట్లు, అంటే మనుషులు కాకుండా ప్రోగ్రాములు నడిపే ఖాతాలు, చేసిన పని అనుకుంటారేమో, వాటిని తీసేసి లెక్కేసినా ఫలితం మారలేదు. మనుషులే. అవతలి పార్టీ ఐటీ సెల్ అని తిట్టుకుంటాం గానీ, ఆ అబద్ధాన్ని మోసింది మన వేళ్లే.

అల్గారిథం అలా చూపిస్తోంది, మేమేం చేస్తాం అని ఇంకో సాకు. మీరు ఎక్కడ ఆగారో, దేనికి లైక్ కొట్టారో, ఏది మొత్తం చూశారో లెక్కపెట్టుకుని అలాంటివే ఇంకో నాలుగు తెచ్చి పెడుతుంది అది. దానికి మీ రుచి నేర్పింది ఎవరు? మీరే. అవతలివాళ్ల వీడియో పది సెకన్లకే ఆపేసేదీ మీరే, తర్వాత నాకు రెండో వైపు చూపించట్లేదని ఫిర్యాదు చేసేదీ మీరే.

మరి సరిగ్గా చూడటం అంటే ఎలా అంటే, స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ చేసిన ఓ పరీక్ష గురించి చెప్పాలి. పదిమంది చరిత్రకారులు, వార్తల్లో నిజానిజాలు సరిచూసే ఫ్యాక్ట్ చెకర్లు పదిమంది, 25 మంది స్టాన్‌ఫోర్డ్ విద్యార్థులు. పేర్లు దాదాపు ఒకేలా ఉన్న పిల్లల డాక్టర్ల సంఘాలవి రెండు వెబ్‌సైట్లు ఇచ్చి ఏది నమ్మొచ్చో చెప్పమన్నారు. ఒకటి 1930లో పుట్టిన పెద్ద సంఘం, రెండోది దాన్నుంచి 2002లో విడిపోయిన చిన్న గుంపు. విద్యార్థుల్లో ఎక్కువమంది బోల్తాపడ్డారు, చరిత్రలో పీహెచ్‌డీలు చేసినవాళ్లలో కూడా సగం మందే సరిగ్గా చెప్పారు, ఎందుకంటే వాళ్లు ఆ సైట్లోనే కూర్చుని లోగో చూసి, అబౌట్ పేజీ చదివి, కింద ఇచ్చిన రిఫరెన్సులు చూసి మురిసిపోయారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం అసలు ఆ పేజీలో ఉండనే లేదు. కొత్త ట్యాబ్ తెరిచి ఈ సంఘం గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. నిమిషాల్లో విషయం తేలిపోయింది, పదికి పదిమందీ కరెక్టే. తెలివి తక్కువైతే పీహెచ్‌డీలు ఎలా వస్తాయి, వాళ్లకి లేనిది బయటికి వెళ్లి అడిగే అలవాటు. టైమ్ లేదన్నవాళ్లు గమనించాలి, తక్కువ టైమ్ పట్టింది కూడా ఫ్యాక్ట్ చెకర్లకే.

పత్రికలు సుద్దపూసలేం కాదు. అన్ని పత్రికలకీ వార్తలు పంపే ఏజెన్సీ నుంచి కాపీ ఒకటే వస్తుంది, దానికి ఒకరు భయపెట్టే హెడ్డింగ్ పెడతారు, ఇంకొకరు పొగిడే హెడ్డింగ్ పెడతారు, మూడోవాళ్లు ఏజెన్సీ పేరు కూడా తీసేసి సొంత వార్తలా వేసుకుంటారు. అందుకే ఎన్ని పేపర్లు తిరగేశారన్నది లెక్కలోకి రాదు, ఆ వార్త మొదట ఎవరు చెప్పారు, వాళ్లు స్వయంగా చూశారా లేక విన్నారా, పేరు పెట్టి చెప్పారా, దానివల్ల లాభం ఎవరికి, ఇవి అడిగారా లేదా అన్నదే లెక్క. మీ వైపు వార్తకి కూడా ఇవే ప్రశ్నలు వెయ్యాలి. అక్కడే అందరూ జారుకుంటారు. అవతలోడు పెట్టిన పోస్ట్‌కి సోర్స్ ఏది, లింక్ ఏది, వీడియో పూర్తిగా ఉందా అని కోర్టులో లాయర్‌లా అడుగుతారు, మనోడు పెట్టింది మాత్రం కళ్లకద్దుకుని ఫార్వర్డ్ చేస్తారు. 2019 జనవరిలో వాట్సాప్ ప్రపంచమంతా ఒక మెసేజ్‌ని ఒకసారి ఐదు చాట్‌లకే పంపేలా పరిమితి పెట్టాల్సి వచ్చింది. పెద్దవాళ్లం, ఓటున్నవాళ్లం, మన చెయ్యి పట్టుకుని ఆపడానికి ఓ కంపెనీ బటన్ మార్చుకోవాల్సి వచ్చిందంటే సిగ్గుపడాలా వద్దా?

ఇంత చెప్పాక కూడా రేపు జరగబోయేది మాకు తెలుసు. ఇందులో నాలుగు లైన్లు స్క్రీన్‌షాట్ తీసి, అవతలి పార్టీ వాళ్లున్న గ్రూపులో పడేసి "మీలాంటి వాళ్ల గురించే రాశారు, చదువుకోండి" అంటారు. మేం రాసింది మీ గురించి.