సవరణ: ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ 2000 నాటి వీడియో గురించి

మొన్నటి పోస్టులో యేసు చివరి రోజుల కథను రాక్ పాటలతో చెప్పే ఈ నాటకం (రాక్ మ్యూజికల్) 2000 నాటి వీడియోని ‘థియేటర్‌లో ప్రేక్షకుల మధ్య ఆడిన నాటకాన్ని కెమెరాలతో పట్టారు’ అని రాశాను. అది తప్పు. లండన్ దగ్గర పైన్‌వుడ్ స్టూడియోలో సెట్ వేసి, ప్రేక్షకులు లేకుండా తీశారు. ఒక మిత్రుడు అనుమానం వ్యక్తం చేస్తే నిర్మాణ వివరాలు చదివాను, అప్పుడు తెలిసింది.

నిజానికి చూస్తున్నప్పుడే అర్థం కావాల్సింది. యేసును పట్టించిన శిష్యుడు యూదాగా చేసిన జెరోమ్ ప్రాడాన్ కళ్లలో తడి కనిపించేంత దగ్గరికి కెమెరా వెళ్తుంది. జనం నిండిన హాల్లో అంత దగ్గరికి ఎలా వెళ్తుంది? పాట అయ్యాక ఒక్క చప్పట్లు కూడా వినిపించవు. అయినా గ్రాఫిటీ గోడలు, నల్ల యూనిఫాంల సైనికులు చూసి ‘ఇది స్టేజీయే’ అని ఫిక్స్ అయిపోయాను.

నేను కలిపేసుకున్నది ఇదే నాటకం 2012 నాటి అరీనా షోతో (పెద్ద ఇండోర్ స్టేడియంలో ప్రదర్శన). అది నిజంగానే బర్మింగ్‌హామ్‌లో జనం ముందు ఆడుతుండగా తీసింది. అందులో యూదా టిమ్ మిన్చిన్, మగ్దలేనే మరియ మెలనీ సి.

ఇంకో మాట. ఆ పోస్టులోనే ‘టీవీలో లైవ్ వచ్చింది’ అని నేను రాసింది పై రెండింటి గురించీ కాదు. అది 2018 ఈస్టర్ రోజు, ఏప్రిల్ 1న, అమెరికాలో ఎన్‌బీసీ టీవీ చానెల్ ఇచ్చిన ప్రసారం. జాన్ లెజెండ్ యేసుగా, ఆలిస్ కూపర్ హేరోదుగా చేసింది అందులోనే. పాత పోస్టులో ఆ పేరా మార్చాను.