జియో: అరువు కార్లకు తగిలించిన పేరు

1990ల తొలినాళ్లలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ కర్మాగారంలో ఒకే అసెంబ్లీ లైను మీద రెండు రకాల కార్లు తయారయ్యేవి. కార్మికులు వాళ్లే, లోపలి యంత్రాంగమూ అదే. బయటి రేకుల్లో, దీపాల్లో మాత్రం కొద్దిపాటి తేడా. ఒకటి టొయోటా కరోలా, రెండోది జియో ప్రిజమ్. కొనేవాళ్లు కరోలాకే ఎగబడ్డారు. నాలుగేళ్లు వాడి అమ్ముకోబోతే మంచి ధర పలికిందీ దానికే. ప్రిజమ్ విషయంలో సామెత తిరగబడింది: ఊరు గొప్పదే, పేరే దిబ్బ.

జియో అనగానే మనకు ఫోను సిమ్ము గుర్తొస్తుంది. ఇది దానికి చాలా ముందటి సంగతి. అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ 1989 మోడళ్లతో మొదలుపెట్టి, 1997 మోడళ్లతో ముగించిన చిన్న కార్ల బ్రాండు ఇది. ఆ పేరుతో అమ్మిన ప్రతి కారూ ఏదో ఒక జపాన్ కంపెనీ కారుకు మరో రూపమే. మెట్రో, ట్రాకర్ సుజుకీవి. స్పెక్ట్రమ్, స్టార్మ్ ఇసుజువి. ప్రిజమ్ టొయోటాది. సొమ్మొకడిది, సోకొకడిది.

ఈ అరువు వెనుక పెద్ద కథే ఉంది. 1973లో, మళ్లీ 1979లో చమురు సంక్షోభం వచ్చినప్పుడు అమెరికన్లు పెద్ద కార్లను వదిలి జపాన్ కార్ల వైపు మళ్లారు. 1981లో అమెరికా ఒత్తిడికి తలొగ్గిన జపాన్, తన కార్ల ఎగుమతిని ఏడాదికి 16.8 లక్షలకు పరిమితం చేసుకుంది. తమ చిన్న కార్లను బాగుచేసుకోవడానికి డెట్రాయిట్ కంపెనీలకు, అంటే అమెరికా పెద్ద కార్ల సంస్థలకు, దొరికిన గడువది. జనరల్ మోటార్స్ మాత్రం అదే ఏడాది సుజుకీలో వాటా కొన్నది. ఇసుజులో దానికి అప్పటికే వాటా ఉంది. వాళ్ల కార్లను తెచ్చి తన సొంత బ్రాండు షెవ్రొలే పేరుతో అమ్మింది. జపాన్ కారు కావాలనుకున్న వాడు షెవ్రొలే షోరూము గడప తొక్కడని తెలిశాక, ఆ షోరూములోనే ఒక మూల జియో అనే కొత్త బోర్డు పెట్టింది. గడప మాత్రం మారలేదు.

ఫ్రీమాంట్ దగ్గర కాస్త ఆగాలి. అది మొదట జనరల్ మోటార్స్ సొంత కర్మాగారమే. గైర్హాజరీకి, గొడవలకు పేరుమోసింది. 1982లో మూతపడింది. 1984లో టొయోటాతో ఉమ్మడిగా తెరిచి, నిర్వహణను టొయోటా చేతిలో పెట్టారు. పనిలోకి తీసుకున్నది చాలావరకు ఆ పాత కార్మికులనే. లోపం కనబడితే ఏ కార్మికుడైనా తలపైనున్న తాడు లాగి సాయం పిలవవచ్చు, అవసరమైతే లైను ఆగిపోతుంది. లైను ఆపడమే మహాపరాధమైన చోట ఇది ఊహకందని మాట. కొద్ది కాలానికే అక్కడి కార్ల నాణ్యత జపాన్ కార్లతో పోటీపడింది. అంటే తప్పు కార్మికులది కాదు, పనిచేయించిన తీరుది. ఈ పాఠం జనరల్ మోటార్స్ సొంత ఇంట్లోనే దొరికింది. మిగతా కర్మాగారాలకు దాన్ని చేరవేయడానికి ఆ సంస్థకు ఏళ్లూ పూళ్లూ పట్టింది. పక్క గదిలో గురువును కూర్చోబెట్టి, అద్దె మాత్రం వసూలు చేసుకున్నట్టుంది ఈ వ్యవహారం.

జియోలో జనం గుర్తుపెట్టుకున్న కారు మెట్రో. మూడు సిలిండర్లు, ఒక లీటరు ఇంజిను. సిగ్నల్ దగ్గర ఆగితే ఆ మూడు సిలిండర్ల వణుకు స్టీరింగ్ దాకా వచ్చేది. అందులో ఎక్స్ఎఫ్ఐ అనే రకానికి శక్తిని 49 హార్స్‌పవర్‌కు తగ్గించి, గేర్ల నిష్పత్తులు మార్చారు. హైవే మీద గ్యాలనుకు 58 మైళ్లని ఆనాటి ప్రభుత్వ అంచనా. మన లెక్కలో లీటరుకు దాదాపు 25 కిలోమీటర్లు. బ్యాటరీ సాయం లేని పెట్రోలు కారుకు అది ఈనాటికీ గొప్ప అంకె. మన రోడ్ల మీద తిరిగిన మారుతి ఎస్టీమ్ కూడా ఈ సుజుకీ కుటుంబంలోదే.

మరి ఎందుకు పోయింది? పెట్రోలు చవకైంది, జనం ఎస్‌యూవీలకు మరిగారు. ఇది అందరూ చెప్పే కారణం, నిజమే. కానీ ఇంకోటుంది. జియో పుట్టిన కొద్దికాలానికే, 1990లో, జనరల్ మోటార్స్ శాటర్న్ అనే మరో చిన్న కార్ల బ్రాండును మార్కెట్లోకి తెచ్చింది. కోట్లాది డాలర్లు గుమ్మరించి టెన్నెసీలో కొత్త కర్మాగారం కట్టింది. కన్నబిడ్డ ఇంటికి వచ్చాక పెంపుడు బిడ్డను ఎవరు పట్టించుకుంటారు? జియోకు ప్రత్యేకించి ఎవరూ యజమాని కాలేదు. 1998 నుంచి మెట్రో, ప్రిజమ్, ట్రాకర్ మళ్లీ షెవ్రొలే పేరుకే చేరాయి. మెట్రో 2001తో ఆగింది, ప్రిజమ్ 2002తో. ఆ కన్నబిడ్డా ఎక్కువ కాలం బతకలేదు. సంస్థ దివాలా తీశాక, 2010లో శాటర్న్ కథా ముగిసింది.

2008 వేసవిలో అమెరికాలో పెట్రోలు గ్యాలను 4 డాలర్లు దాటింది. ఎవరూ పట్టించుకోని పాత మెట్రోల కోసం జనం ఇంటర్నెట్ వేలాల్లో పోటీపడ్డారు. అప్పటికి షెవ్రొలే షోరూములో ఉన్న చిన్న కారు అవియో. అది కొరియాలో దేవూ అనే కంపెనీ తయారుచేసింది. తర్వాత వచ్చిన స్పార్క్ కూడా కొరియా నుంచే ఓడెక్కి వచ్చింది. 2022లో దాన్నీ ఆపేశారు. ఫ్రీమాంట్‌లో మాత్రం లైను ఇంకా నడుస్తోంది. అక్కడ ఇప్పుడు తయారవుతున్నవి టెస్లా కార్లు.