ఫారిన్ కీ ఎర్రర్‌కి ఫేక్ మందు కాదు

ఈ వారంలో నాలుగోసారి అదే ఫార్వర్డ్. "జాంగోలో ఫారిన్ కీ ఎర్రర్ వస్తే టెన్షన్ వద్దు, ఐదు చిట్కాలు చాలు" అట. (జాంగో అంటే పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్, ఫారిన్ కీ అంటే ఒక టేబుల్‌లోని వరస ఇంకో టేబుల్‌లోని వరసని చూపించే లింకు.) మోడల్ (టేబుల్‌ని వర్ణించే క్లాస్) పేరు కోట్స్‌లో రాయి, పేర్ల క్లాష్ వస్తే రిలేటెడ్ నేమ్ పెట్టు, ఫారిన్ కీ అన్నిటికీ నల్ ట్రూ ఇవ్వు, ఆన్ డిలీట్‌కి కళ్లు మూసుకుని క్యాస్కేడ్ రాయి, అప్పటికీ దారికి రాకపోతే, మోడల్‌లో చేసిన మార్పుని డేటాబేస్‌కి ఎక్కించే మైగ్రేట్ కమాండ్‌కి ఫేక్ తగిలించు. పంపేవాళ్లంతా నావాళ్లే, అందుకే ఊరుకోలేకపోతున్నా.

మొదటి రెండూ కరెక్టే, ఒప్పుకుంటున్నా. కోట్స్ సంగతి తెలియక ఒకప్పుడు, రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి పిలుచుకునే సర్క్యులర్ ఇంపోర్ట్‌తో రెండు రోజులు కొట్టుకున్నాను, అప్పుడు ఈ మెసేజ్ వచ్చుంటే దండం పెట్టేవాణ్ణి.

నల్ ట్రూ: అంటే ఆ లింకు ఖాళీగా ఉన్నా పర్లేదని. కస్టమర్ లేని ఆర్డర్ మీ దగ్గర నిజంగా ఉంటుందా? ఉంటే పెట్టండి, లేకపోతే వద్దు.

క్యాస్కేడ్: అంటే ఒక వరసని తీసేస్తే దాన్ని చూపించే వరసలన్నీ కూడా పోతాయి. జాంగో 2.0 వచ్చేదాకా అడగకపోయినా అదే జరిగేది, 2017 డిసెంబర్ నుంచి ఆన్ డిలీట్ (తీసేస్తే ఏం జరగాలో చెప్పేది) మనమే రాయాలన్నారు. ఆలోచించి రాయమనే కదా? కస్టమర్‌ని తీసేస్తే అతని బిల్లులన్నీ పోవడం మీకు ఇష్టమైతే క్యాస్కేడ్ పెట్టుకోండి, కాకపోతే అలా తీసేయనివ్వకుండా ఆపే ప్రొటెక్ట్ ఉంది.

ఇక ఐదోది. ఇది చిట్కా కాదు, ప్రమాదం. ఫేక్ అంటే టేబుల్‌ని ముట్టుకోకుండా "ఈ మైగ్రేషన్ అయిపోయింది" అని జాంగో లెక్కల్లో ఒక వరస రాసుకోవడం, అంతే. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఆర్డర్ మోడల్‌లో మామూలు నంబర్‌గా ఉన్న కస్టమర్ ఐడీని ఫారిన్ కీగా మార్చాడు. మా డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ ఒప్పుకోలేదు, ఎర్రర్ కింద డీటెయిల్ లైన్‌లో కస్టమర్ ఐడీ 57 కస్టమర్ టేబుల్‌లో లేదని స్పష్టంగా చెప్పింది. అంతకంటే ఏం చెప్పాలి అది? ఇతను ఈ మెసేజ్ చూసి ఫేక్ కొట్టాడు. కాలమ్ ముందునుంచే ఉంది కాబట్టి సైట్ నడిచింది, కానీ లేని కస్టమర్ ఐడీని అడ్డుకునే కన్‌స్ట్రెయింట్ మాత్రం పడలేదు. మూడు వారాల తర్వాత బిల్లు ప్రింట్ చేసే పేజీ కొన్ని ఆర్డర్ల దగ్గర కూలిపోవడం మొదలైంది, ఈలోపు అలాంటి అనాథ ఆర్డర్లు ఇంకొన్ని చేరాయి. అతన్ని తిట్టలేదు, ఆ మెసేజ్ రాసినవాళ్ల మీదే నా కోపమంతా. ఇంకొకరి డేటా అది, వాళ్ల వ్యాపారం లెక్కలు అవి, చేతికి తోచింది రాసి గ్రూపుల్లోకి వదిలేస్తారా?

టేబుల్స్ ముందే ఉన్న పాత డేటాబేస్‌ని జాంగోకి అప్పగించేటప్పుడు ఫేక్ కావాలి. దాని పని అది. ఎర్రర్ నోరు నొక్కడానికి కాదు.

మేం చివరికి చేసిందేమిటంటే, కస్టమర్ టేబుల్‌లో లేని ఐడీలున్న ఆర్డర్లన్నీ జాంగో షెల్‌లో (కమాండ్లు రాసి డేటా చూసే చోట) బయటికి తీశాం, వాటిని ఏం చేయాలో ఓనర్‌ని అడిగాం, ఆయన చెప్పినట్టు సరిచేశాం, ఫేక్ చేసిన మైగ్రేషన్‌ని మళ్లీ ఫేక్‌తోనే వెనక్కి తిప్పి మామూలుగా నడిపాం. ఒక మధ్యాహ్నం పని. మీలో ఎవరైనా ఆ మెసేజ్ పంపి ఉంటే, ఐదో పాయింట్ తప్పని అది అందుకున్నవాళ్లకి ఇవాళే చెప్పండి.