ఆత్మరక్షణ హక్కు గారికి, తమరి వేళాపాళా గురించి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆత్మరక్షణ హక్కు గారి దివ్యసముఖమునకు విన్నవించుకునేది:

తమరు ఇల్లు మారిన సంగతి నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. 1862 జనవరి 1న అమల్లోకి వచ్చిన భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు పదకొండు సెక్షన్లలో కాపురమున్న తమరు, 2024 జూలై 1న దాని స్థానంలోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు, మళ్లీ పదకొండు సెక్షన్లలోకే, పాత స్మృతి ముసాయిదా రాసిన మెకాలే దొర నాటి మంచాలూ కుర్చీలూ దాదాపు ఉన్నవి ఉన్నట్టే మోయించుకుని దిగారట. గృహప్రవేశానికి పిలవలేదన్న నిష్ఠూరం నాకు లేదు. అవసరం పడినప్పుడు తమరు ఎన్ని గంటలకు వస్తారో తెలియకపోవడమే నా బాధ.

కిందటి శ్రావణంలో ఒక రాత్రి, రెండు దాటిన తరువాత, మా పెరటి తలుపు దగ్గర ఏదో గీరుతున్న చప్పుడైంది. మా ఆవిడ నన్ను తట్టి లేపి, "ఏమండీ, ఎవరో గడియ తీస్తున్నారు" అని గుసగుసగా చెప్పింది. మా ఇంట్లో ఆయుధమని చెప్పదగ్గది తలుపు మూల నిలబెట్టిన రోకలిబండ ఒక్కటే. మా అమ్మమ్మ కాలం నాటిది, కింద ఇనుప పొన్ను ఉన్నది. దాన్ని రెండు చేతులతో ఎత్తాను గాని, ఎత్తినది దించేలోగా తమరి సెక్షన్లు ఒక్కొక్కటే వచ్చి మోచేయి పట్టుకున్నాయి. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య ఇంటికి కన్నం వేసేవాణ్ణి అడ్డుకోవడంలో వాడి ప్రాణం పోయినా నేరం కాకపోవచ్చునని 41 చెబుతుంది కనుక, వచ్చినవాడెవడో వేళ చూసుకునే వచ్చాడనిపించింది. అయితే తలుపు ఇంకా తెరుచుకోలేదు గనుక, ఇది కన్నమా, పెరట్లో చొరబాటా, చెంబుల దొంగతనమా అన్నది ముందు తేలాలి. చివరి రెండిట్లో ఏదైనా సరే, చావో తీవ్రమైన గాయమో తప్పదని నేను సహేతుకంగా భయపడి ఉండాలి. భయానికి కొదవ లేదు, కాని అది సహేతుకమో కాదో తేలాలంటే లైటు వెయ్యాలి. లైటు వేస్తే వాడు పారిపోతాడు. పారిపోతే నా భయం తీరిపోతుంది, దానితోపాటే తమరూ వెళ్లిపోతారు, ఆ తరువాత వాడి వీపు మీద పడే దెబ్బ అచ్చంగా నాది అవుతుంది. ఇంతలో 37 వచ్చి, పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే హక్కే లేదనీ, ఉన్నా అవసరానికి మించి హాని చేయరాదనీ గుర్తు చేసింది. అంటే తలా, మోకాలా? ప్రాణాపాయంలో ఉన్నవాడి దెబ్బను బంగారం తూచే త్రాసులో తూచరాదనీ, ఎదురు నిలవకుండా పారిపోయి తీరాలన్న నియమం లేదనీ సుప్రీంకోర్టు దయతో చెప్పిన మాట నిజమే. కాని ఆ తీర్పులన్నీ దెబ్బ పడిన ఏళ్లకు వచ్చినవి, నా చేతిలో రోకలి ఉన్నది ఆ నిమిషంలో. ఇంతలో ఒక పందికొక్కు కొబ్బరిచిప్ప నోట కరుచుకుని తూములోంచి దర్జాగా వెళ్లిపోయింది.

"కొట్టడానికి ఎత్తారా, బరువు చూడటానికి ఎత్తారా?" అని మా ఆవిడ అడిగింది.

తమరి మాటల్లో లోపముందని నేననను. 40వ సెక్షన్‌లో తమరి రాకపోకల వేళలు స్పష్టంగానే రాసి ఉన్నాయి: నేరం జరిగిపోయే దాకా ఆగనక్కర లేదు, ప్రయత్నమో బెదిరింపో చూసి ఒంటికి అపాయమన్న సహేతుకమైన భయం పుట్టిన క్షణాన రావాలి, ఆ భయం ఉన్నంతసేపూ ఉండాలి, పోగానే పోవాలి. కయ్యానికి తానే కాలు దువ్వి, ఎదుటివాడు తిరగబడ్డాక తమరి పేరు చెప్పుకునేవాడికి తమరు పలకరు, అదీ బాగుంది. ఎదుటివాడి ప్రాణం తీసేదాకా వెళ్లదగిన సందర్భాలను 38లో ఏడుగా లెక్కపెట్టారు. చావు భయం, తీవ్రగాయం, అత్యాచారం, అపహరణ వంటివి మొదటి నుంచీ ఉన్నవే. యాసిడ్ దాడిని 2013లో చేర్చారు. ఈ చివరి దాని దగ్గర నాకు వరంగల్ గుర్తొస్తుంది. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు, రోజులు తిరగకుండానే, పోలీసుల ఆత్మరక్షణలో చనిపోయారు. యాసిడ్ సీసా ఎదుట నిలబడిన ఆడపిల్లకు తమరు పేరు పెట్టి అభయమివ్వడానికి మరో నాలుగేళ్లకు పైగా పట్టింది. పోలీసు బృందం దగ్గరికి మాత్రం అదే వారంలో వచ్చేశారు.

సర్కారీ తుపాకి ఉన్నచోట తమరు వేరే గడియారం చూస్తారని నా అనుమానం. తెలుగు పత్రిక కూడబలుక్కుని చదివేవాడికి కూడా ఎన్‌కౌంటర్ వార్తలోని ఆ పేరా కంఠస్థం: లొంగిపొమ్మని హెచ్చరించడం, వారు వినకుండా కాల్పులకు దిగడం, ఆత్మరక్షణార్థం ఎదురుకాల్పులు జరపడం, తెల్లవారాక గాలిస్తే మృతదేహాలు కనిపించడం. చంపడం అనే క్రియ ఆ పేరాలో ఎక్కడా ఉండదు, మరణించడం ఉంటుంది. 2015 ఏప్రిల్ 7న తమరు ఒకే రోజు రెండు రాష్ట్రాల్లో డ్యూటీ చేశారు. శేషాచలం అడవుల్లో ఎర్రచందనం కూలీలు ఇరవైమంది. ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తెస్తున్న పోలీసు వ్యానులో విచారణ ఖైదీలు ఐదుగురు. ఆ వ్యాను ఫొటోలు పత్రికల్లో వచ్చాయి: సీట్లలో ఒరిగిపోయిన దేహాలు, చేతులకు బేడీలు. ఆ బేడీల చేతుల వల్ల సాయుధులైన ఎస్కార్టుకు కలిగిన భయం సహేతుకమైనదేనని అప్పటికప్పుడు తేల్చుకోగలిగిన తమరు, నా పెరట్లో మాత్రం లైటు వేసి చూడమన్నారు.

2019 డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లిలో 'దిశ' అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆ పూల వీడియోను ఆ ఉదయం పదిమందికి పంపినవాళ్లలో నేనూ ఒకణ్ని. తమరి గడియారం వంక చూడాలని అప్పుడు తోచలేదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ మాత్రం చూసింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్పులు జరిపారనీ, పదిమంది పోలీసులపై హత్యానేరం కింద విచారణ జరగాలనీ 2022లో వెలుగు చూసిన నివేదికలో చెప్పింది. పూలు చల్లినవాళ్లలో ఎందరు ఆ నివేదిక తిరగేశారో నేను అడగను, నన్నెవరైనా అడుగుతారన్న భయం చేత.

కానిస్టేబులుది మాత్రం ప్రాణం కాదా అంటే, ప్రాణమే. తూటాకు ఎదురు నిలిచిన పోలీసులు ఎందరో ఉన్నారు, వారి దగ్గరికి తమరు పరుగెత్తుకుని రావలసిందే. నేనడిగేది ఒక్కటే: తమరి పదకొండు సెక్షన్లలో ఖాకీకి వేరే గది లేనప్పుడు, రుజువుకు రెండు తీర్లేమిటి? ఈ మాటే ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2009 ఫిబ్రవరిలో చెప్పింది: ఎన్‌కౌంటర్ చావు ప్రతిదానికీ కేసు కట్టాలి, ఆత్మరక్షణ అవునో కాదో కోర్టు విచారణలో తేలాలి. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. అదే సుప్రీంకోర్టు 2014లో మార్గదర్శకాలిస్తూ, కేసు కట్టి స్వతంత్ర దర్యాప్తు జరిపించాలన్న దానితోపాటు, ఎన్‌కౌంటర్ జరిగిన వెంటనే పదోన్నతులూ సాహస పతకాలూ ఇవ్వరాదని కూడా రాయవలసి వచ్చింది. చచ్చేంత భయపడినందుకు సాహస పతకమిచ్చే ఆనవాయితీ మరెక్కడైనా ఉన్నదేమో తమరే చెప్పాలి.

రోకలిబండవాడి దారి వేరు. వాడు నిజంగానే ఎవరినైనా కొట్టి చంపితే, తెల్లవారేసరికి వాడి పేరు హత్యకేసులో ఉంటుంది. అరెస్టు, రిమాండు, బెయిలుకు తిరుగుడు, సెషన్సు కోర్టు వాయిదాలు, ఇవన్నీ దాటాక, ఆ రాత్రి తమరు పక్కనే ఉన్నారని చూపవలసిన బరువు వాడిదే. సందేహానికి తావులేకుండా రుజువు చేయనక్కర లేదు, నమ్మదగినట్టు ఉంటే చాలునంటారు. చీకట్లో, సాక్షి లేనిచోట, ఆ చాలు కూడా చాలా ఎక్కువే. రెండో దెబ్బ పడిందని తేలితే హక్కు మీరాడంటారు. అది హత్య కాకుండా శిక్షార్హమైన నరహత్య అవుతుంది. తమరు మామూలు మనుషుల ఇంటికి వేళకు వచ్చిన సందర్భమూ లేకపోలేదు. 2012లో మదురైలో, కూతురి మీద పడిన భర్తను బ్యాటుతో కొట్టి చంపిన ఒక తల్లిని, జిల్లా ఎస్పీ పాత సెక్షన్ 100 చూపించి ఇంటికి పంపించారు. అది దేశమంతటా వార్త అయింది. చట్టంలో ఉన్నది ఉన్నట్టు జరిగితే వార్త కావడమే నాకు వింతగా తోచింది.

తమరి కొత్త ఇంటి గోడకు ఒక్కటే గడియారం తగిలించమని కోరుతున్నాను. ఆ పనికి ఎంతకాలం పడుతుందో తెలియదు గనుక, ఈలోపు మా ఇంటి ఏర్పాట్లు మేము చేసుకున్నాం. నిన్న రాత్రి పెరట్లో మళ్లీ చప్పుడైంది. మా ఆవిడ లేపలేదు, నేనూ రోకలి జోలికి పోలేదు. ఇద్దరం దుప్పటి ముసుగేసుకున్నాం. సూర్యోదయమయ్యాక వెళ్లి చూస్తే రెండో కొబ్బరిచిప్ప లేదు.

ఇట్లు,
తమరి విధేయుడు,
రోకలిబండ యజమాని